దారి పక్క మేత బీడుకు కంచె: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మెట్ట గ్రామం. నాలుగున్నర ఎకరాల పొలాన్ని రెండేళ్ల కిందట సాగు మాని మేత బీడుగా వదిలేశాను. ఆరు ఒంగోలు ఆవులు, నాలుగు గేదెలు, వాటి దూడలు అందులో మేస్తున్నాయి. పొలానికి తూర్పున ఊరి డొంక ఉంది. అది కాక, చెరువుగట్టు మీది గుడికి వెళ్లేవారు నా పొలంలోనుంచే మూలకు మూల నడిచి పోతుంటారు. మా నాన్నగారి కాలం నుంచీ ఆ కాలిబాట ఉంది. పోయిన వేసవిలో ఎవరో తడిక తీసి మళ్లీ వేయకపోవడంతో దూడలు రోడ్డెక్కాయి. పెళ్లి విందులో మిగిలిన అన్నాన్ని ఇంకెవరో డొంక పక్కన కుప్ప పోస్తే, గట్టు మీదుగా మెడ చాచి తిన్న ఒక గేదె రెండో రోజుకు చనిపోయింది. కాలిబాటను మూసేసి, చుట్టూ ముళ్ల తీగ బిగించాలనుకుంటున్నాను. తీగ మేలా, మొక్కల కంచె మేలా?

సమాధానం: మీరు తీగ సంగతి అడిగారు గాని, ముందు తేల్చుకోవలసింది దారి సంగతి. మీ తూర్పున ఉన్న డొంక రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా నమోదై ఉంటుంది. దాని వెడల్పు ఎంతో, పొలాల హద్దులు, కొలతలు చూపే మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ పటంలో లింకుల లెక్కన కనబడుతుంది; వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. ఎవరి కంచె అయినా ఆ హద్దు దాటి డొంకలోకి జరిగితే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద తహసీల్దారు నోటీసు ఇచ్చి తీయించవచ్చు. కాబట్టి గుంత తీయడానికి ముందే సర్వేయరు చేత హద్దు కొలిపించి, రాళ్లు పాతించండి. ఇరుగుపొరుగు రైతులను ఆ రోజు పిలిచి దగ్గర ఉంచుకుంటే తరవాతి తగాదాలు సగం తగ్గుతాయి.

మూలకు మూల పోయే కాలిబాట వేరే రకం. అది పటంలో ఉండకపోవచ్చు. అయినంత మాత్రాన దాన్ని మూసివేసే హక్కు మీకు దానంతట అదే రాదు. ఒకరి భూమి మీద ఇతరులకుండే వాడుక హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 సంవత్సరాల పాటు బహిరంగంగా, నిరాటంకంగా, హక్కుగా వాడుకున్న దారి మీద హక్కు ఏర్పడే అవకాశం ఉంది. ఊరి ఆచారంగా వస్తున్న నడకను కూడా అదే చట్టం గుర్తిస్తుంది. మీ నాన్నగారి కాలం నుంచి ఉందని మీరే రాశారు గనుక, ఈ విషయంలో స్థానిక న్యాయవాదిని ఒకసారి సంప్రదించడం మంచిది. చట్టం సంగతి అలా ఉంచినా, నడిచే బాటకు అడ్డంగా వేసిన కంచె ఒక వర్షాకాలం దాటి చెక్కు చెదరకుండా నిలవగా నేను ఎక్కడా చూడలేదు. ముందు ఒక తీగ తెగుతుంది, ఆ సందులోంచి మనుషులు పోతారు, వారి వెనక మీ దూడలు పోతాయి.

అందువల్ల నా సలహా బాటను మూయడం కాదు, జరపడం. మీ పొలం ఉత్తర గట్టు వెంబడి ఆరడుగుల వెడల్పున కొత్త బాట తీసి, మట్టి పోసి ఎత్తు చేసి, పైన మొరం పరచండి. వానాకాలంలో బురద లేకుండా నడిచే దారి దొరికితే, నాలుగు అడుగులు చుట్టు అయినా మనుషులు దానికే అలవాటు పడతారు. ఆరడుగులు ఎందుకంటే, మన బాటల మీద నడిచేవారు చేతులూపుకుంటూ పోయేవారు కారు. తల మీద గడ్డి మోపు ఉన్న మనిషికి, సైకిలు నడిపించుకు వచ్చే మనిషి ఎదురైతే ఇద్దరూ తప్పుకునేంత చోటు ఉండాలి. ఈ మార్పును గ్రామసభలో చెప్పి, అంగీకారాన్ని కాగితం మీద రాయించుకుని, కొత్త బాట సిద్ధమయ్యాకే పాతది దున్నండి. ఈ వరుస తిరగబడితే పని చెడుతుంది.

ఇక తీగా, మొక్కా అన్న మాట. రెండూ కావాలి, అయితే రెండింటి పనీ వేరు. మొక్కల కంచె ఎదగడానికి మూడు వర్షాకాలాలు పడుతుంది. అంతవరకు మీ పశువుల నోటి నుంచి ఆ మొక్కలను కాపాడేది తీగ. అంచేత తీగ పశువుల వైపు, మొక్కలు దారి వైపు ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి, దారి వైపు ముళ్ల తీగ కట్టి లోపల మొక్కలు నాటుతారు. అప్పుడు చీర కొంగులు, పిల్లల మోచేతులు ముళ్ల తీగకు చిక్కుతాయి, మొక్కలేమో ఆవుల పాలవుతాయి. ఇంకొక మాట. పాలిచ్చే పశువులున్న చోట ముళ్ల తీగను నేను ఇష్టపడను. బెదిరిన గేదె తీగను దూకబోయి పొదుగు చీల్చుకుంటే, ఆ చన్ను మళ్లీ మామూలుగా పాలివ్వడం అరుదు. ముళ్లు లేని జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగ నాలుగు వరుసలు గట్టిగా లాగి కడితే ఆవులకు, గేదెలకు సరిపోతుంది. దూడల కోసం అన్నిటికంటే కింది తీగ నేలకు అడుగున్నర మించకుండా ఉండాలి.

స్తంభాలకు మీ ప్రాంతంలో నాపరాయి ఉండగా సిమెంటు దిమ్మెల కోసం వెతకనక్కరలేదు. ఏడడుగుల రాయిని రెండడుగులు భూమిలో దించి, పది అడుగులకొకటి పాతండి. రేగడి నేల అయితే ఎండాకాలంలో బీటలు వారి రాళ్లు ఒరుగుతాయి కనుక గుంతలో మొరం, గులకరాయి వేసి దిమ్మిస కొట్టాలి. తీగ బిగువంతా మూల రాళ్ల మీదే పడుతుంది. అందుకే మూలల్లో రెండు వైపులా ఏటవాలుగా ఆనింపు రాళ్లు పెట్టకపోతే, ఎంత మంచి తీగ అయినా ఏడాదికే వదులవుతుంది.

మొక్కల్లో దారి వైపునకు నా మొదటి ఓటు వాక్కాయకు. అది మెట్టకు తట్టుకుంటుంది, వేర్లు ఊనాక నీరు అడగదు, ముళ్లు నిటారుగా గట్టిగా ఉంటాయి, కొమ్మలు తెంపితే కారే పాల వల్ల పశువు రెండోసారి నోరు పెట్టదు. ఉప్పు మీద సుంకం ఎగ్గొట్టేవారిని ఆపడానికి పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లేయులు ఉత్తర భారతం నడుమ వందల మైళ్ల పొడవున పెంచి, 1879లో వదిలేసిన ముళ్ల కంచెలో తుమ్మ, రేగు, జెముళ్లతో పాటు వాక్కాయ కూడా ఉంది. మనుషులను, ఒంటెలను ఆపడానికి పనికివచ్చిన మొక్క మీ ఆవులను ఆపకపోదు.

వాక్కాయ విత్తనం ఎక్కువ కాలం నిలవ ఉండదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నల్లగా మిగల పండిన కాయలను పిసికి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, ఆ వారంలోనే సంచుల్లో విత్తుకోవాలి. ఆ నారును వచ్చే ఏడు తొలకరిలో నాటండి. రెండు వరుసల మధ్య రెండడుగులు, మొక్కకు మొక్కకు రెండడుగులు ఉంచి, ఒక వరుసలోని మొక్క రెండో వరుసలోని సందుకు ఎదురుగా వచ్చేటట్టు నాటితే 100 మీటర్ల కంచెకు సుమారు 330 మొక్కలు పడతాయి. చనిపోయిన చోట తిరిగి నాటడానికి మరో 40 మొక్కలు పక్కన పెంచి ఉంచుకోండి. దారి హద్దు నుంచి కనీసం నాలుగడుగులు లోపలికి జరిగి నాటడం మాత్రం మరవకండి. ఎదిగిన వాక్కాయ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు పరుచుకుంటుంది. హద్దు మీదే నాటితే మూడో ఏడు ముళ్లు నడిచేవారి ముఖానికి తగులుతాయి, ఎవరో కొడవలి తెస్తారు.

నాటిన ఏడాదికి, మొక్క మోకాలెత్తు దాటగానే, నేలకు అడుగు ఎత్తున తల కొట్టేయాలి. ఈ పని చేయడానికి ఎవరికీ చేయి రాదు. బాగా ఎదుగుతున్న మొక్కను నరకడం పాపంగా తోస్తుంది. కాని కొట్టని మొక్క పైకి ఎదిగి కింద బోసిపోతుంది, ఆ బోసిలోంచి దూడ దూరుతుంది. కొట్టిన మొక్క మొదట్లోనే గుబురు కడుతుంది. తరవాత ఏటా కాయ కోత అయ్యాక, అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండేటట్టు కత్తిరించండి. పైభాగం ముందుకు వంగి ఉంటే నీడ పడి కింది కొమ్మలు చస్తాయి. ఎత్తు ఐదడుగులు చాలు. మలుపుల దగ్గర నాలుగడుగులకే ఆపండి. ఈనిన ఆవు కంచె అవతలి మనిషిని దూరం నుంచే చూస్తే బెదరదు, మలుపు తిరగగానే ఎదురుపడితే కుమ్మబోతుంది. కాయలు దారిన పోయేవారు కోసుకుంటారు. కోసుకోనివ్వండి. పప్పులోకి నాలుగు కాయలు దొరికే కంచెను ఊరివారు నరకరు.

దారికి దూరంగా ఉన్న పడమర, దక్షిణ గట్లకు గచ్చకాయ వేసుకోవచ్చు. దాని గింజను గరుకు రాయి మీద ఒక వైపు అరగదీసి, రాత్రంతా నానబెట్టి, నేరుగా గట్టు మీద విత్తితే మొలుస్తుంది. దాని కొక్కేల్లాంటి ముళ్ల వల్ల దూరబోయిన పశువు వెనక్కి కూడా రాలేదు. ఆ కారణం చేతనే బాట పక్కన దాన్ని వేయవద్దంటున్నాను. సర్కారు తుమ్మను ఏ వైపూ వేయకండి. పశువులు దాని కాయలు తిని, పేడతో గింజలను బీడంతా చల్లుతాయి, ఐదేళ్లలో మీకు బీడు మిగలదు.

కొత్త బాటకు రెండు కొసలా ఏదో ఒక ద్వారం ఉండాలి. తలమోపులతో నడిచేవారికి ఇరుకు సందులు, ఎక్కి దిగే మెట్లు పనికిరావు. నాలుగడుగుల తేలికపాటి గేటు పెట్టి, అది తనంతట తానే మూసుకునేటట్టు చేయండి. గేటు చివరకు ఒక తాడు కట్టి, పక్క స్తంభానికి బిగించిన కప్పీ మీదుగా దాన్ని తెచ్చి, కొసన నాలుగైదు కిలోల రాయిని వేలాడదీస్తే చాలు. మనిషి నెట్టుకుని వెళ్లగానే రాయి దిగి గేటును లాగేస్తుంది. “గేటు వేయండి” అని బోర్డు రాసి పెట్టడం కంటే ఆ రాయి నమ్మకమైనది.

అన్నం తిని గేదె చనిపోయిన సంగతి చాలా ఊళ్లలో జరుగుతున్నదే. నెమరు వేసే పశువు అలవాటు లేని అన్నాన్ని ఒక్కసారి కడుపు నిండా తింటే, అది పెద్దపొట్టలో వేగంగా పులిసి ఆమ్లంగా మారుతుంది. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగబడి రక్తం చిక్కబడుతుంది. నెమరు ఆపడం, పొట్ట బరువుగా నిండి ఉండడం, పుల్లటి వాసనతో నీళ్లగా పారడం, తూలి పడుకోవడం దీని గుర్తులు. పడుకున్నాక చేసే వైద్యం తరచుగా ఆలస్యమే అవుతుంది. తిన్నట్టు తెలిసిన గంటలోనే 1962 నంబరుకు ఫోన్ చేసి, సంచార పశువైద్యులు చెప్పిన మోతాదులో వంటసోడా నీళ్లు తాగించాలి. మీ కంచె విషయానికి వస్తే, ఐదడుగుల మందం ఉన్న వాక్కాయ, దాని వెనక తీగ ఉన్నప్పుడు పశువు మెడ దారి దాకా చాచలేదు. డొంకలో మేతకు పోయే ఇతర మందలు మీ పశువుల మూతులు నాకకుండా కూడా ఆ మందమే కాపాడుతుంది. గాలికుంటు వ్యాధి అలాంటి తాకిడితో సులభంగా అంటుకుంటుంది. ఆరు నెలలకోసారి వేసే టీకా మాత్రం కంచె ఉన్నా మానకూడదు.

ప్రశ్న: కోనసీమలో మాకు చిన్న డెయిరీ ఉంది. రోడ్డు వైపు అందంగా ఉంటుందని ఎర్ర గన్నేరు వరుసగా వేశాం. పశువులు దాన్ని ముట్టవు. అయినా తీసేయమని ఒకరు అంటున్నారు. నిజంగా అవసరమా?

సమాధానం: అవసరమే, అదీ ఈ వారంలోనే. పచ్చి గన్నేరు ఆకును పశువు చేదు వల్ల వదిలేస్తుందన్న మాట నిజం. ప్రమాదం కత్తిరించిన రోజు వస్తుంది. వాడిన ఆకు, ఎండిన ఆకు గడ్డిలో కలిసిపోతే పశువు ఏరుకోలేదు, ఎండినా విషం తగ్గదు. అది నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పెద్ద ఆవును పడగొట్టడానికి గుప్పెడు ఆకులు చాలు. రోడ్డు మీద పోయే మనిషి కొమ్మ విరిచి లోపలికి విసిరినా అంతే. పచ్చ గన్నేరు కూడా ఇదే కోవకు చెందుతుంది. కంచెలకు వాడే అడవి ఆముదం గింజలు, పులికంప అని కొన్ని చోట్ల పిలిచే లాంటానా ఆకులు సైతం పశువులకు మంచివి కావు. లాంటానా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని తిన్న తెల్ల పశువులకు ఎండ తగిలిన చోట చర్మం పగిలి ఊడుతుంది. గన్నేరును వేళ్లతో పెకలించి, ఆ రెమ్మలను కాల్చకుండా, మేత కుప్పకు దూరంగా లోతైన గుంతలో పూడ్చండి. దాని పొగ కూడా మంచిది కాదు. ఆ స్థానంలో గోరింట వేసుకోండి. దగ్గరగా నాటి రెండుసార్లు కత్తిరిస్తే గోడలా అల్లుకుంటుంది, ఆషాఢంలో మీ వీధి ఆడపిల్లలంతా మీకు రుణపడి ఉంటారు.

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. ఎనభై దక్కని గొర్రెలున్నాయి. మా చెలక పక్కనే రెండు ఊళ్ల మధ్య బాట ఉంది. ఆ బాట వెంట వచ్చే కుక్కలు పోయిన నెలలో ఒకే రాత్రి ఏడు పిల్లలను చంపాయి. కరెంటు తీగ పెడితే కుక్కలు రావని మా బావమరిది అంటున్నాడు. వాక్కాయ కంచె కుక్కలను ఆపుతుందా?

సమాధానం: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆపదు. కుక్క దూరడానికి జానెడు సందు చాలు, అది లేకపోతే నేల తవ్వుతుంది. మొక్కల కంచె ఆవులను లోపల ఉంచడానికి, మనుషులను దారి మీద ఉంచడానికి పనికివస్తుంది. కుక్కల నుంచి గొర్రెలను కాపాడేది రాత్రి దొడ్డి మాత్రమే.

స్తంభం నుంచి కరెంటు లాగి తీగకు ఇచ్చే ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. పందుల కోసం అలా పెట్టిన తీగలకు తగిలి రైతులు, కూలీలు, పక్క పొలం ఎడ్లు చనిపోయిన వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ ఏటా వస్తూనే ఉన్నాయి. మీది రెండు ఊళ్లు నడిచే బాట. చీకట్లో మూత్రానికి పక్కకు జరిగిన మనిషి దానికి తగలవచ్చు. అప్పుడు విద్యుత్ చౌర్యం కేసుతో ఆగదు, మనిషి ప్రాణం తీసిన కేసు మీ మీదికి వస్తుంది. బజారులో జట్కా మిషన్ పేరుతో అమ్మే సోలార్ ఫెన్సింగ్ దీనికి పూర్తిగా భిన్నమైనది. అది బ్యాటరీ మీద నడుస్తుంది, సుమారు సెకనుకు ఒకసారి కన్ను మూసి తెరిచే సమయంలో వందో వంతు కూడా ఉండని కాలం పాటు దెబ్బ వేసి ఆగుతుంది. ఆ విరామంలో తగిలినవారు వెనక్కి లాక్కోగలరు. దాన్ని పెట్టుకోవచ్చు, కాని ప్రమాణాల ముద్ర ఉన్న మిషన్ కొనండి, బాట నుంచి చేయి చాచినా అందనంత లోపల తీగ కట్టండి, హెచ్చరిక బోర్డు మీద మాటలతో పాటు మెరుపు బొమ్మ కూడా వేయించండి. బాట మీద నడిచేవారందరూ చదువుకున్నవారు కాకపోవచ్చు. ఇంకొక చిక్కు ఉంది. దక్కని గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండటం వల్ల షాక్ దానికి అంతగా తెలియదు. ముక్కు ఎత్తున ఒక తీగ ఉంటేనే అది వెనక్కి తగ్గుతుంది. అందువల్ల గొర్రెలకు ఈ తీగ ఒక్కటే ఆధారం కాకూడదు.

దొడ్డికి ఐదడుగుల ఎత్తు జాలీ కట్టండి. దాని అడుగు భాగాన్ని భూమిలో దించడం కంటే, అడుగున్నర వెడల్పు జాలీని బయటి వైపు నేల మీద పరచి, నిలువు జాలీకి కుట్టేసి, పైన రాళ్లు పేర్చడం సులువు. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వబోతుంది, కాళ్ల కింద జాలీ తగలగానే మానేస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. మీరు మంద పెట్టడానికి పొలాలు మారుతుంటే వల దడి తప్పదు. అప్పుడు వల చుట్టూ తుమ్మ కంపను కొమ్మలు బయటికి, మొదళ్లు లోపలికి ఉండేటట్టు పేర్చాలి. పిల్లలను నడిమధ్య గంపల కిందనో, తడికల లోపలనో ఉంచి, పెద్ద గొర్రెలను చుట్టూ పడుకోనివ్వడం మీ పెద్దలు చేసినదే.

చనిపోయిన పిల్లలను ఏం చేశారో మీరు రాయలేదు. బాట పక్కన పడేసి ఉంటే, ఆ కుక్కలు మళ్లీ వస్తాయి. లోతుగా పాతిపెట్టాలి. కరిచినా బతికిన గొర్రెలు ఉంటే గాయాన్ని సబ్బునీటితో పావుగంట సేపు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించండి. గాయం చిన్నదని ఊరుకోవద్దు.

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఊరి చివర గొర్రెలు మేసే ప్రైవేటు పొలాల మధ్య నుంచి కాలిబాటలు పోతున్నాయి, ఎవరూ మూయరు, గొర్రెలూ తప్పిపోవు. మన ఊళ్లలో ఇది ఎందుకు కుదరదు?

సమాధానం: మన ఊళ్లలో కుదరదని నేననుకోను. పై పల్నాడు పాఠకునికి చెప్పింది దాదాపు అదే పద్ధతి. తేడా ఎక్కడుందంటే, అక్కడ దాదాపు ప్రతి కాలిబాట స్థానిక అధికార సంస్థ దగ్గర ఉన్న అధికారిక పటంలో గీసి ఉంటుంది, దాని మీద వివాదానికి చోటు తక్కువ. నేల రైతుదే, నడక హక్కు ప్రజలది. 1980 నాటి హైవేస్ చట్టం ప్రకారం బాట మీది గేట్లు, దాటుమెట్లు బాగు చేయవలసిన బాధ్యత భూమి యజమానిది. ఖర్చులో కనీసం పావు వంతు స్థానిక సంస్థ ఇవ్వాలి. దారి పక్కన ముళ్ల తీగ నడిచేవారికి హాని కలిగించేలా ఉంటే తీయమని ఆదేశించే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. పాడి జాతికి చెందిన, పది నెలలు దాటిన ఆంబోతును కాలిబాట ఉన్న పొలంలో వదలడం 1981 నాటి మరో చట్టం ప్రకారం నేరం. ఇతర జాతుల ఆంబోతునైతే ఆవులతో, పెయ్యలతో కలిపి ఉంచవచ్చు. ఒంటరి ఆంబోతు కంటే మందలోని ఆంబోతు నెమ్మదిగా ఉంటుందన్న రైతుల అనుభవం ఈ నిబంధన వెనక ఉంది.

కుక్కల విషయంలో మీరు జాగ్రత్తపడాలి. పశువులను కుక్క తరమడం అక్కడ 1953 నుంచే నేరం. గొర్రెలు ఈనే వసంతకాలంలో మీ కుక్కకు పొట్టి తాడు కట్టి నడిపించండి. ఆవులు దూడలతో ఉండి మీ మీదికి వస్తే మాత్రం తాడు వదిలేయండి. ఆవు కోపం కుక్క మీద, మీ మీద కాదు. కుక్క పరుగెత్తి తప్పించుకోగలదు, మీరు తప్పించుకోలేరు. ఆ బాటల పక్కన కుక్క విసర్జనను సంచిలో ఎత్తుకుపోవడం కూడా శుభ్రత కోసం మాత్రమే కాదు. అందులో ఉండే నియోస్పోరా అనే పరాన్నజీవి మేత ద్వారా ఆవు కడుపులో చేరితే చూడి పోతుంది.

మీరు చూస్తున్న కంచెల్లో ఎక్కువ భాగం హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్ల చెట్లు. చలికాలంలో ఆకు రాలి ఉన్నప్పుడు వాటిని నాటుతారు. పక్షులు గూళ్లు పెట్టే కాలం కనుక మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు పొలాల కంచెలను కత్తిరించడం ఇంగ్లండులో నిషిద్ధం. ఆకు రాలిన రోజుల్లో మీరొకసారి ఆ కంచెల మొదళ్లను వంగి చూడండి. చాలా వాటికి కాండం అడ్డంగా పడుకుని కనబడుతుంది. దాని సంగతి కింది ప్రశ్నకు జవాబులో వస్తుంది.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో మా తాతగారు వేసిన వాక్కాయ కంచె ఉంది. పైన దట్టంగా ఉన్నా, అడుగున రెండడుగుల దాకా బోసిగా ఉంది. మేకలు అందులోంచే బాట మీదికి పోతున్నాయి. పెకలించి కొత్తది నాటమంటారా?

సమాధానం: పెకలించవద్దు. అంత వయసున్న వేరు మళ్లీ మీకు దొరకదు. ఇంగ్లండు రైతులు పాత కంచెను బాగుచేసే పద్ధతిని ఇక్కడ కొంత మార్చి వాడుకోవచ్చు. వారు నిలువు కాండాన్ని నేలకు దగ్గరగా ముప్పావు వంతుకు మించి ఏటవాలుగా కోసి, తెగిపోకుండా మిగిలిన బెరడు, సన్నని చెక్క ఆధారంగా కాండాన్ని అడ్డంగా వంచుతారు. వంగిన కాండం బతికే ఉంటుంది, కోసిన మొదటి నుంచి కొత్త చిగుళ్లు నిలువుగా లేస్తాయి, అడ్డం, నిలువు కలిసి దడిలా అల్లుకుంటాయి. వాక్కాయ ముదురు కాండం పెళుసుగా ఉంటుంది కాబట్టి లావు వాటిని వంచబోకండి, విరుగుతాయి. లావు కాండాలను నేలకు అడుగు ఎత్తున పూర్తిగా నరికేయండి. బొటనవేలి లావున్న పక్క కొమ్మలను మాత్రం కిందికి వంచి, నేలలో కొయ్య కొక్కెం దించి, ఆ కణుపు మీద మట్టి కప్పండి. తొలకరిలో చేస్తే ఆ కణుపు వేరు పట్టి ఖాళీలో కొత్త మొక్క అవుతుంది.

కంచె మొత్తాన్ని ఒకే ఏడు నరకవద్దు. మూడు భాగాలు చేసి ఏడాదికొక భాగం పట్టండి, బాట పక్కన ఉన్న భాగాన్ని చివరికి ఉంచండి. నరికిన కొమ్మలను పారేయకుండా ఆ బోసి మొదళ్ల ముందే కంపగా పేర్చండి. చిగుళ్లు మేకల నోటికి అందే ఎత్తు దాటేదాకా, అంటే రెండు వర్షాకాలాల పాటు, ఆ కంప అక్కడే ఉండాలి.